ఎడమ గాలి ఎడమకే

ఆయన పోయాడని ఆయన చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. "అన్న పోయిండు బిడ్డా. వస్తే రా" అని, ఇంకేం అడగనివ్వకుండా పెట్టేసింది. గొంతులో ఏడుపు లేదు. నాకూ రాలేదు. ఇంజనీరింగ్ చెప్పిన గురువు పోతే కన్ను చెమ్మగిల్లకపోవడం ఏమిటని కాసేపు నన్ను నేను తిట్టుకోబోయాను. కుదరలేదు. తిట్టడమన్నది ఆయన విద్య, ఎంత దగ్గర నుంచి చూసినా నాకు అబ్బలేదు.

కాజీపేట దాటేముందు ఒక దుకాణంలో అగరుబత్తీల కట్ట కొన్నాను. దండ కొనలేదు. చావింటికి దండ పట్టుకుని పోవడం మన పద్ధతే. కానీ ఆ ఇంటికి పూలు తీసుకుపోవడమంటే ఏమిటో తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని.

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ రెండు మూడు అగరుబత్తీలు ఉండేవి. భక్తి అనుకునేరు. ఆయనకు దేవుడితో పేచీ లేదు, పరిచయమూ లేదు. గాలి ఎటు పోతుందో చూడటానికి అవి. బ్యాంకులో, మంగలి షాపులో, పెళ్లి హాల్లో, ఎక్కడ కూర్చున్నా ఒకటి వెలిగించి పొగ ఎటు వంగుతుందో చూసేవాడు. ఒకసారి మా డిపార్ట్‌మెంటులో ఒకాయన కూతురి పెళ్లికి పోయాం. పంతులు మంత్రాలు చదువుతుండగా సారు లేచి, స్తంభం స్తంభం దగ్గరా పొగ పట్టి చూసి, నేరుగా పెళ్లికూతురి తండ్రి దగ్గరికి పోయాడు. వంటల పొగంతా జనం మీదికే వస్తున్నదని, ఇంత తక్కువ తెలివి పెట్టుకుని ఇంత పెద్ద హాలు ఎలా మాట్లాడారని అడిగాడు. ఆ తండ్రి చేతిలో అక్షింతలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మా సారు భోజనాల దగ్గర పప్పు రెండోసారి వేయించుకున్నాడు.

క్లాసులో ఇంకా ఘోరం. "మీ తలకాయలకు ముందు దిక్కు పొక్కలు మంచిగనే ఉన్నయి. వెనక దిక్కు తొవ్వ లేదు. అందుకే ఎంత చెప్పినా లోపటికి పోతలేదు" అనేవాడు. అది తిట్టు మాత్రమే అనుకునేవాళ్లం. ఆయన శాస్త్రమంతా అందులోనే ఉందని చాలా తర్వాత తెలిసింది. ఎండాకాలం ఇంటి ముందు తలుపు ఎంత బార్లా తీసినా వెనక కిటికీ మూసి ఉంటే గాలి ఆడదు. పొయ్యికైనా, ఇంజన్‌కైనా, మనిషి బుర్రకైనా ఆయనకు అదొక్కటే సూత్రం.

మా బ్యాచ్‌లో రఘునాథపల్లి నుంచి వచ్చే కుర్రాడు ఒకడికి నత్తి ఉండేది. వైవాలో మాట రాక గింజుకుంటుంటే సారు అగరుబత్తి వెలిగించి వాడి నోటి ముందు పట్టాడు. పొగ నిలువుగా లేచింది. "చూడుండ్రి, లోపటి నుంచి ఏం వస్తలేదు" అని క్లాసుకు చూపించాడు. క్లాసంతా నవ్వింది. ఆ కుర్రాడు ఆ తర్వాత ఎవరి వైవాకూ రాలేదు. కొన్నాళ్లకు కాలేజీకే రావడం మానేశాడు.

రిటైరయ్యాక ఆయన స్టేషన్ ఘన్‌పూర్ పోయే దారిలో మూతబడ్డ రైస్ మిల్లు ఒకటి కిరాయికి తీసుకుని, అందులో సొంతంగా విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. పాత ఇంజన్ ఒకటి ఎక్కడి నుంచో తెప్పించాడు. మిల్లు గుమాస్తా గదిలో కాపురం. కాపురమంటే ఆయనా, ఆయన చెల్లెలూ. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆమె చిన్న వయసులోనే భర్త పోయి అన్న ఇంటికి వచ్చింది, అప్పటి నుంచి వండిపెడుతూనే ఉంది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని.

అప్పటికి నేను అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆదివారాలు మిల్లుకు పోయేదాన్ని. ఎందుకు పోయి తిట్లు తింటావని మా ఆయన అడిగేవాడు. సారంటే నాకు భయం, ఒళ్లుమంట కూడా. అయినా ఆయన గాలి గురించి మాట్లాడుతుంటే ఇంకెవరి మాటా వినబుద్ధి కాదు. నన్ను 'మేడమ్' అనేవాడు. ఆ పిలుపులో గౌరవం వెతికితే చేతికేమీ తగలదు.

రెక్కలు, తోక, చక్రాలు త్వరగానే అయిపోయాయి. మిగతా కాలమంతా విమానం ముక్కు మీది రెండు రంధ్రాలకే పోయింది. ఆ ఇంజన్‌లో నీళ్లుండవు, గాలితోనే చల్లబడాలి. ఇంజన్ మీద కారు బానెట్ లాగా ఫైబర్ మూత ఒకటి ఉంటుంది, కౌలింగ్ అంటారు. దాని ముందు భాగంలో, ప్రొపెల్లర్‌కు అటొకటి ఇటొకటి రంధ్రాలు. ముందు నుంచి వచ్చిన గాలి సిలిండర్ల మీదుగా దిగి కింది నుంచి బయటపడాలి. రంధ్రాలు పెద్దవైతే విమానం ఆ గాలినంతా ఈడ్చుకుంటూ పోవాలి, వేగం చస్తుంది. చిన్నవైతే ఇంజన్ కాలుతుంది. లోకమంతా అరచేయంత పెడితే తాను పిడికిలంత పెట్టి ఎగిరించాలని ఆయన పంతం. "అందరు గాలిని అడుక్కుంటరు మేడమ్. నేను పిలుస్త, అది వస్తది" అనేవాడు.

ఆ పంతంలో ఇంకో మెలిక ఉంది. ఇంజన్‌కు ఎడమవైపు రెండు సిలిండర్లు, కుడివైపు రెండు. చాలామంది వాటన్నిటి మీదా ఒకే గది కట్టి రెండు రంధ్రాల గాలినీ అందులో కలిపేస్తారు. ఆయన నడుమ అడ్డుగోడ కట్టి రెండు గదులు చేశాడు. ఎడమ రంధ్రం గాలి ఎడమ సిలిండర్లకే, కుడి రంధ్రం గాలి కుడి సిలిండర్లకే. అన్నదమ్ములకైనా గాలికైనా పొత్తు పనికిరాదని ఆయన సిద్ధాంతం. "ఎడమ గాలి ఎడమకే" అని ఆ గోడ మీద వేలితో కొట్టి చూపించేవాడు. అతుకుల్లో వెంట్రుకవాసి సందు కూడా లేకుండా రబ్బరు పట్టీలు తానే కూర్చుని అంటించాడు.

రంధ్రం అంచును పెదవి అనేవాడు. పెదవి పదునుగా ఉంటే గాలి చీలి పక్కకు పోతుంది, గుండ్రంగా ఉంటే ఒరుసుకుంటూ లోపలికి వస్తుంది. ఎంత గుండ్రం అన్నదే ఆయన వేదన. కళ్లు మూసుకుని బొటనవేలితో ఆ అంచును తడిమేవాడు. మనిషిని అంత మెత్తగా తాకడం ఆయన దగ్గర నేనెన్నడూ చూడలేదు. చివరికి ఇంట్లో ఆయనకు నచ్చిన అంచు ఒక్కటే దొరికింది, చెల్లెలి ఇత్తడి చెంబుది. అత్తగారింటి నుంచి ఆమెతో వచ్చిన వస్తువు అదొక్కటే. ఆమె వంట దగ్గర ఉండగా దాన్ని బల్లకున్న వైస్‌లో బిగించి హాక్సా రంపంతో నిలువునా కోసేశాడు, వంపు లోపలి నుంచి ఎలా ఉందో చూడాలని. చప్పుడుకు ఆమె బయటికి వచ్చి చూసింది. నీళ్లు తాగడానికి ఇంట్లో ఇంకో చెంబు లేదా అని ఆయనే కోపంగా అడిగాడు. ఒక సగం అచ్చుకు వాడుకున్నాడు. రెండో సగాన్ని ఆమె తోముకుని బియ్యం డబ్బాలో వేసుకుంది. తర్వాత నేనెప్పుడు పోయినా ఆ సగం చెంబుతోనే బియ్యం తీసేది.

ఆమెకు ఒకసారి బాగా జ్వరం వచ్చింది. ఆమె పడుకున్న వంటింట్లోకి ఆయన పోయాడు. నుదురు ముట్టి చూస్తాడనుకున్నాను. సిలిండర్ వేడి కొలిచే వైరు తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టి, మీటరు చూసి, గేజు కరెక్టుగానే చెబుతున్నదని తృప్తిగా బయటికి వచ్చాడు. ఆమెను దవాఖానకు ఆటోలో తీసుకుపోయింది నేను.

కౌలింగ్ బిగించాక మిల్లులోని పాత బ్లోయర్‌తో ముందు నుంచి గాలి కొట్టి, అగరుబత్తీలతో చూసేవాళ్లం. ఎడమ రంధ్రంలోకి పొగ పుట్టలోకి పాము దూరినట్టు దూరేది. కుడివైపు అలా కాదు. అక్కడ లోపల మోటారు ఒకటి అడ్డం రావడంతో రంధ్రం వెనక దారిని ఆయన ఒక్కసారిగా వంచాల్సి వచ్చింది. పొగ సగం దూరం పోయి, ఆ వంపు దగ్గర వెనక్కి తిరిగి బయటికి వచ్చేది. ఇంజన్ నడిపినా అంతే. కుడివైపు వెనక సిలిండర్ వేడెక్కి మీటరు ముల్లు ఎర్రగీతను తాకేది. నేను చూశాను, ఆయనా చూశాడు. పొగ వెనక్కి తిరిగినప్పుడల్లా నిప్పు కొనను రెండు వేళ్లతో నలిపేసేవాడు. వేళ్లు కాలినా మాట్లాడేవాడు కాదు. కుడి రంధ్రం కొంచెం పెద్దది చేద్దాం సర్ అని ఒకసారి అన్నాను. "ఒక ముక్కు పెద్దగ, ఒక ముక్కు చిన్నగ ఉన్న పిల్లను ఎవడన్న చేసుకుంటడా మేడమ్" అన్నాడు. నా ముక్కు వైపు చూస్తూ అన్నాడు.

సారుకు విమానం నడపడం రాదు. హైదరాబాద్‌లో ఒక రిటైర్డ్ పైలట్, వచ్చి ఇంజన్ చూసి నమ్మకం కుదిరితే తానే ఎగిరిస్తానని, అనుమతుల సంగతి కూడా చూసుకుంటానని మాటిచ్చాడు. అంటే అన్నేళ్ల పనీ ఆ ఒక్క మనిషి తలూపడం మీద ఆగింది. ఆయన దసరా మర్నాడు వస్తానన్నాడు. పండుగ పూట విమానానికి పూజ చేయించండని కూడా ఫోన్లో చెప్పాడట.

దసరా సాయంత్రం సారుకు జమ్మి ఆకు ఇచ్చి కాళ్లకు మొక్కుదామని నేనూ పోయాను. అప్పుడే ఆయన మొహం చిట్లించుకుని చెల్లెలికి పూజ పురమాయిస్తున్నాడు. లారీకి చేసినట్టు చెయ్యమని, తొందరగా కానిమ్మని. సద్దుల బతుకమ్మకు తెచ్చిన బంతిపూలు మిగిలి ఉన్నాయి. ఆమె దండ గుచ్చింది. ప్రొపెల్లర్‌కు బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. దండ తగిలించడానికి మాత్రం ముక్కు మీద ఎక్కడా ఆధారం లేదు, అంతా నున్నగా ఉంది. లారీ ముందు జాలీలో పూలు దోపుతారు కదా, అలాగే దండ కొసను ఎడమ రంధ్రంలో దోపింది. ఆమె ఆ పక్కన నిలబడి ఉంది కాబట్టి ఎడమవైపు. మర్నాడు పొద్దున సారే ఆ దండను గుంజి పారేశాడు. తెగి లోపలికి జారిన ముక్కను ఆయన చూసుకోలేదు.

పైలట్ వచ్చాడు. విమానం తోకను స్తంభానికి కట్టి ఇంజన్‌ను పూర్తి వేగంతో నడిపారు. ముల్లు ఎప్పటిలాగే ఎర్రగీత మీదికి పోయింది. ఆయన మర్యాదస్తుడు. దిగి చేతులు తుడుచుకుని, కుడివైపు వెనకది కాలుతోందని, రంధ్రాలు పెద్దవి చేస్తే తప్పకుండా మళ్లీ వస్తానని చెప్పాడు. దానికి సారు ఇచ్చిన జవాబు నేను ఇక్కడ రాయలేను. పైలట్ భోజనం కూడా చేయకుండా కారెక్కి వెళ్లిపోయాడు. పెద్దమ్మ అప్పటికే ఆయన కోసం మటన్ వండి పెట్టింది.

కౌలింగ్ విప్పాం. ఎడమ గదిలో, ముందు సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రేకుల మధ్య జానెడు దండ ముక్క ఇరుక్కుని ఉంది. పూలు మాడి నల్లబడ్డాయి. సారు దాన్ని రెండు వేళ్లతో లాగి పైకెత్తి పట్టుకున్నాడు. ఆ క్షణాన ఆయన మొహం వెలిగిపోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. పోయిన ఆస్తి చేతికొచ్చినవాడి మొహం అది. చెల్లెల్ని కేకేశాడు. ఆమె గరిటె పట్టుకునే వచ్చింది.

"ఎవరు వెట్టిండ్రే గివి?"

"నేనే అన్నా" అంది ఆమె.

నాకు ఒళ్లు మండిపోయింది. "సర్, పూలు ఎడమ దిక్కు ఉన్నయి. కాలింది కుడి దిక్కు. రెంటికి నడుమ గోడ మీరే కట్టిండ్రు" అన్నాను.

ఆయన నా వైపు చూడనే లేదు. "మేడమ్‌కు నీ మీద జాలి పుట్టింది. జాలితోని ఇంజన్ చల్లవడదే" అని ఆమెతోనే అన్నాడు. ఆమె నా మొహం చూసింది, అన్న మొహం చూసింది. అన్న ఇంజనీరు, పైగా అన్న. ఆమె అన్ననే నమ్మింది.

ఆ రోజే వంటింట్లో, పొయ్యికి ఎదురుగా, గోడకు మేకు కొట్టి ఆ మాడిన దండ ముక్కను తగిలించాడు. వండుతూ తలెత్తితే అదే కనబడాలి. బూజు పట్టినా దులపవద్దన్నాడు.

ఇంజన్ మళ్లీ తిప్పలేదు. ఇంకో పైలట్‌ను వెతకలేదు. కుడి రంధ్రం జోలికి పోలేదు. ఆయనకు కావలసింది దొరికింది. విమానం చూడటానికి మాత్రం జనం వచ్చేవారు, కాలేజీ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. అందరికీ ఒకటే ఆట. ముందు ఆ రెండు రంధ్రాల దగ్గర నిలబెట్టి గాలి పాఠం చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడో, విన్నవాడికి ఆకలి కూడా వేసేది కాదు. చివరికి ఎవరో ఒకరు, మరి ఎందుకు ఎగరలేదు సార్ అంటారు. అనేదాకా ఆగేవాడు. అప్పుడు వంటింటి వైపు తిరిగి పిలిచేవాడు. ఆమె చాయ్ గ్లాసుల పళ్లెంతో వచ్చి విమానం ముందు నిలబడేది. "చెప్పు. అందరున్నరు, చెప్పు" అనేవాడు. "నేనే పూలు వెట్టిన" అనేది ఆమె. అన్నాకే చాయ్ పంచడానికి ఆమెకు అనుమతి.

మా విద్యార్థుల్ని తీసుకుపోయినప్పుడు ఈ తంతు నా కళ్లారా చూశాను. తట్టుకోలేక అందరి ముందూ మళ్లీ ఎడమ, కుడి అన్నాను. సారు నా చేతిలో గ్లాసు తీసుకుని చాయ్ కింద పారబోసి, మేడమ్ బస్సుకు టైమయిందని పిల్లలతో చెప్పాడు. నన్ను మళ్లీ గడప తొక్కవద్దన్నాడు. పెద్దమ్మతో పండుగలకు ఫోన్లో మాట్లాడుతూ ఉండేదాన్ని. ఆ సంగతి ఎత్తబోతే ఆమె వెంటనే కూరగాయల ధరల్లోకి దిగేది. వెనక ఆయన దగ్గు వినబడుతూ ఉండేది.

ఇప్పుడు ఆ దగ్గు లేదు. నేను పోయేసరికి మిల్లు లోపల, విమానం రెక్క కింద చాప మీద పడుకోబెట్టారు. కొద్దిమంది చుట్టాలు, పాత విద్యార్థులు కొందరు. మెడలో రెండు మూడు దండలు. ముక్కులో దూది పెట్టారు, రెండు వైపులా సమానంగా. పెద్దమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. నేను అగరుబత్తులు వెలిగించి తల దగ్గర అరటిపండుకు గుచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.  ఆమె నా చెయ్యి పట్టుకుని, మిగతావాళ్లకు వినబడకుండా అడిగింది.

"ఆనాడు నువ్వు ఎడమ అన్నవు, కుడి అన్నవు. అది నిజమేనా బిడ్డా, నా మీద జాలితోని అన్నవా?"

ఇన్నేళ్లూ ఆ పొయ్యి ముందు నిలబడి ఆమె ఈ మాటే దాచుకుందని నాకు అప్పుడు తెలిసింది.

"నిజమే పెద్దమ్మా. నీ పూలతోని ఏం కాలే."

"అన్నకు ఎరికేనా?"

చావింట్లో ఒక అబద్ధం చెబితే ఎవరూ తప్పుపట్టరు. నాకు చెప్పబుద్ధి కాలేదు.

"ఎరికే. పూలు పెట్టకముందు నుంచే ఎరికే."

ఆమె నా చెయ్యి వదిలింది. మోకాలు పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఆ దండ ముక్క ఉంది. మసి, బూజు కలిసి నల్లటి తాడులా ఉంది. ఆయన మెడలోని దండలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. దీన్ని ఛాతీ మీద వేసింది. మాడిన పూలు శవం మీద వేయడం మంచిది కాదని చుట్టాల్లో ఒకాయన అన్నాడు. ఆమె విననట్టే లేచి, ఇన్నేళ్లూ చాయ్ పళ్లెంతో నిలబడిన చోటే, విమానం ముక్కు ముందు నిలబడింది.

"చెప్పన్నా" అంది. "అందరున్నరు, చెప్పు."

 జవాబు కోసం ఎదురుచూసినట్టే ఆమె ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన నోటి దగ్గర అగరుబత్తి పొగ నిలువుగా లేచింది.